నాలుగు కోటలకు ఒక్క మల్లుడు

కుస్తీ అంటే ఊళ్లకు ఊళ్లు కదిలిన ఆ రోజులే వేరు. కోటలో కుస్తీ నేర్పే తాలింఖానాలో చేరతానని మాట ఇచ్చి తప్పిన కుర్రవాడు ఏడాదిపాటు గోదాలోకి దిగకూడదని అప్పట్లో రాజశాసనం. కుమ్మరి గంగులమ్మ కొడుకు ఓబులేసు నాలుగు కోటలకు మాట ఇచ్చి దొరికిపోయాడు.

"ఒక్కడు నాలుగు చోట్ల ఎలా ఉంటాడే?" అని రాజు ఎదుటే గంగులమ్మ మీద గర్జించాడు ఆ నాలుగింటిలో ఒక కోటలో కుస్తీ నేర్పే వస్తాదు.

"పది మందికే చోటున్న తాలింఖానాకు తమరు నలభై మంది దగ్గర మాట తీసుకున్నారు కదయ్యా! ఒక్క చోట నలుగురు ఎలా ఉంటారో చెప్పండి, మావాడూ అలాగే ఉంటాడు," అంది గంగులమ్మ.

ఎన్ని చోట్లుంటే అన్ని మాటలే తీసుకోవాలని రాజు వస్తాదుకు ఆజ్ఞాపించి, ఓబులేసును క్షమించాడు.

గంగులమ్మ మాత్రం క్షమించలేదు. కొడుకు మిగిలిన మూడు కోటలకూ కాలినడకన వెళ్లి తప్పు ఒప్పుకుని వచ్చాకే వాడికి అన్నం పెట్టింది.