వానరబంధువుగారి విందు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి బిరుదులంటే ఎంత మోజో, కోతులకు అరటిపండ్లంటే అంత మోజు. ఆ రెండు మోజుల మధ్యా నలిగిపోయింది మాత్రం, పాపం, రాజధాని తేరుపట్నం.

రాజు పేరు మహీపాల భూపతి. ఎవరో స్తోత్రపాఠకుడు ఒకనాడు ఆయన్ని ‘వానరబంధు’ అని పొగిడాడు. అంతే! ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే స్నానం చేసి, కోట బురుజెక్కి, కోతులకు అరటిపండ్లూ నానబెట్టిన శనగలూ విసరడం మొదలుపెట్టాడు. ఊరి బయట కొండ మీద కాయా కసరూ తిని బతికే కోతులు ఈ సంగతి తెలిసి పిల్లాజెల్లాతో దిగివచ్చాయి. ఊళ్లోనే కాపురం పెట్టాయి.

దానం ముగియగానే రాజు లోపలికి వెళ్లిపోయేవాడు. భటులు కోట తలుపులూ కిటికీలూ బిగించుకునేవారు. ఇక సగం కడుపు నిండిన కోతులు ఊరి మీద పడేవి. పెంకులు ఊడబీకేవి. ఆరేసిన చీరలు చింపేవి. ఉట్టి మీది పెరుగుకుండ దించుకుని ఇంటిల్లిపాదీ చూస్తుండగానే నాకేవి. అదిలిద్దామంటే రాజశాసనం ఒకటి అడ్డం వచ్చింది. కోతి మీద కర్ర ఎత్తినవాళ్లు ఎంతటివారైనా సరే ఊరు దాటాలట!

ఆ శాసనానికి మొదట దొరికింది కోనమ్మ. అప్పడాలు చేసి అమ్ముకుని బతికే ఒంటరి మనిషి. మిద్దె మీద ఆరబెట్టిన అప్పడాలను కోతుల గుంపు తొక్కి తుక్కు చేస్తుంటే, కడుపు మండి, చేతిలోని అప్పడాల కర్రతో ఒకదాని వీపు మీద వేసింది. కిందినుంచి భటులు చూశారు. పున్నమిలోగా ఊరు విడిచిపొమ్మని తీర్పయింది.

కోనమ్మ పక్కింట్లోనే ఉంటాడు ఓబయ్య. రాజుగారి కొలువులో మాటల మనిషి. రాజుకు నవ్వు తెప్పించడం, నవ్వు ముదిరి కోపంగా మారకముందే తప్పుకోవడం అతని ఉద్యోగం. అతను వెళ్లేసరికి కోనమ్మ చేటలూ చిల్లర గిన్నెలూ మూట కడుతోంది.

“మూట విప్పెయ్యత్తా,” అన్నాడు ఓబయ్య.

“విప్పి ఏం చేసుకోను నాయనా? ఈ మిద్దె మీ మామ తన చేత్తో కట్టింది. ఈ ఊళ్లో నా అప్పడం విరవని ఇల్లు లేదు. పరాయి ఊళ్లో ఈ ముసలిదాని పేరైనా ఎవడడుగుతాడు?” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఓబయ్య విరిగిన అప్పడాలన్నీ ఆమె చేతి మీదుగా తింటూ పెరిగినవాడు. ఆమె లేని వీధిని తలచుకోవడమే అతనికి చేతకాలేదు. రాజుగారి పిచ్చి కీర్తి మీద మొదటిసారి ఒళ్లు మండింది.

మర్నాడు కొలువులో అతన్ని చూడగానే రాజు మీసం దువ్వాడు. “కోనమ్మ తరఫున బతిమాలడానికి వచ్చావా ఓబయ్యా? శాసనం శాసనమే! తప్పినవాడు నేనైనా సరే, ఊరు దాటాల్సిందే!”

“హరి హరి! శాసనానికి నేను అడ్డా ప్రభూ? తమరి కీర్తిలో చిన్న లోటు కనిపించి, మనసాగక వచ్చాను.”

“లోటా? నా కీర్తిలోనా?” రాజు సింహాసనంలో నిటారుగా కూర్చున్నాడు.

“బంధువులకు ఎవరైనా బురుజు మీంచి తిండి విసురుతారా ప్రభూ? లోపలికి పిలిచి, విస్తరి వేసి, యజమాని స్వయంగా వడ్డించాలి గదా! ‘వానరబంధువట, బంధువులను గడప తొక్కనివ్వడట’ అని పొరుగురాజులు నవ్వుకోరూ?”

“ప్రభూ, ఇది కొరివితో తల గోక్కోవడమే,” అని మంత్రి రాజు చెవిలో గొణిగాడు.

“మంత్రీ, నీకు బంధుప్రీతి బొత్తిగా లేదు!” అని కసిరి, రాజు మర్నాడే కొలువుకూటంలో విందుకు ఆజ్ఞ ఇచ్చాడు.

విస్తళ్లు పరిచారు. తలుపులు బార్లా తెరిచారు. కోతులు వచ్చాయి. ముందు కాసేపు అంతా బాగానే ఉంది. రాజు వడ్డిస్తుంటే స్తోత్రపాఠకులు గొంతెత్తి పొగిడారు. తరువాత ఒకటి స్తోత్రపాఠకుడి ఉత్తరీయం లాగింది. ఇంకొకటి వింజామర కుచ్చు పీకింది. చామరాలు వీచేవాళ్లు స్తంభాల చాటుకు పరుగెత్తారు.

ఇంతలో పెద్ద మగకోతి ఒకటి సుష్టుగా తిని, సింహాసనం మీదికి ఎగిరి, అక్కణ్ణుంచి రాజు భుజమెక్కింది. మెల్లగా తలపాగా తీసి అవతల పారేసింది. జుట్టు పాయలు తీసి, బంధువే గదా అన్నట్టు, తీరిగ్గా పేలు చూడసాగింది. ఏం దొరికిందో ఏమో, నోట్లో వేసుకుని నమిలింది కూడా.

నవ్వితే తల పోతుంది, నవ్వకపోతే ప్రాణం పోతుంది. సభ్యులంతా నేల చూపులు చూశారు. మంత్రి పైకప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు.

“ఛీ! దిగు!” అని రాజు గర్జించి, సింహాసనం పక్కనున్న రాజదండం లాగి కోతి వీపు మీద ఒక్కటి వేశాడు. కోతి కీచుమని స్తంభమెక్కింది. 

ఓబయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.  

“ప్రభూ, తమరి చేతిలో ఉన్నది ఏమిటి?”

“కనబడటంలేదూ? రాజదండం!”

“ఆనాడు కోనమ్మ చేతిలో ఉన్నది అప్పడాల కర్ర.”

రాజు మొహం జేవురించింది. “అది నా తల మీదికెక్కింది!”

“అవి ఆమె కష్టం మీదికెక్కాయి ప్రభూ. తమరు తలపాగా మళ్లీ చుట్టుకోవచ్చు. తొక్కేసిన అప్పడం మళ్లీ అప్పడం కాదు.”

అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది. రాజు చేతిలోని దండం పక్కన పెట్టేశాడు. గొంతు తగ్గించి, “అయితే నన్ను ఊరు దాటమంటావా?” అన్నాడు.

“మాట తమరిదే గదా, దాటాలి. కానీ ఒంటరిగా కాదు. విందుకు పిలిచినవాడు బంధువులను పొలిమేర దాకా సాగనంపడం మన మర్యాద. తమరు రోజూ విందు పెట్టారు గాని, ఒక్కనాడైనా సాగనంపారా? అందుకే పాపం, వాళ్లు వెళ్లడంలేదు!”

రాజు కళ్లు పెద్దవి చేశాడు. పెదవి మీద మొదలైన నవ్వు బొజ్జ దాకా పాకింది. ఇక సభ ఆగలేదు. అప్పటిదాకా బిగబట్టిన నవ్వంతా కొలువుకూటం అదిరేలా బయటపడింది.

ఆ సాయంత్రం జరిగినటువంటి ఊరేగింపు తేరుపట్నం మళ్లీ ఎన్నడూ చూడలేదు. అరటిగెలల బండ్ల ముందు రాజు పండ్లు చల్లుకుంటూ నడిచాడు. వెనక కోతుల దండు. మిద్దెల మీద జనం జయజయధ్వానాలు. అందరికన్నా గట్టిగా అరిచింది కోనమ్మే. కొండ కింద బండ్లు ఒంపి, కోతులకు నమస్కారం పెట్టి, శిక్ష తీరిపోయిందని రాజు తిరిగొచ్చాడు.

కర్ర శాసనంతో పాటు కోనమ్మ శిక్షా రద్దయింది. ఊళ్లో కోతులకు తిండి పెట్టరాదన్న కొత్త శాసనం మొదట రాజుకే వర్తించింది. కొండ మీద నేరేడు, మేడి, మామిడి మొక్కలు నాటించారు. కోట నుంచి పండు రాలడం మానేసరికి, వెనక్కి వచ్చిన ఒకటీ అరా కూడా కొండదారి పట్టాయి.

ఓబయ్యకు బంగారు కంకణం తొడిగి, రాజు తన పంక్తిలోనే భోజనానికి కూర్చోబెట్టుకున్నాడు. కోనమ్మ స్వయంగా అప్పడాలు వడ్డించింది. రాజు చెయ్యి చాచేలోగా ఓబయ్య ఆయన విస్తరిలోని అప్పడం కాస్తా లాక్కుని కరకరా నమిలేశాడు.

రాజు అదిలించబోయి చెయ్యెత్తి, చటుక్కున దించేశాడు.

“భయపడకండి ప్రభూ, అప్పడాలు అయిపోగానే నా అంతట నేనే వెళ్లిపోతాను,” అన్నాడు ఓబయ్య.

“ఊరి కోతులన్నిటినీ సాగనంపాను గాని, ఈ ఒక్క కోతిని మాత్రం సాగనంపనోయ్!” అంటూ రాజు పకపకా నవ్వి, రెండో అప్పడం కూడా అతని విస్తట్లోనే వేశాడు.