గానుగల వీధి

రేవతుడు పొద్దున్నుంచీ ఘడియలు లెక్కపెట్టుకుంటున్నాడు. వానాకాలమంతా ఒకేచోట కూర్చుని చదివిన అతనికీ తోటి శిష్యులకూ గురువు బుద్ధరక్షితుడు ధాన్యకటకంలో కొన్నాళ్లు ఆటవిడుపు ఇచ్చాడు. ఇవాళే ఆఖరు. రేపు తెల్లారకముందే కొండ మీది విహారానికి ప్రయాణం. ఈ ఒక్క పూట గడిస్తే గట్టెక్కినట్టే అనుకున్నాడు.

అనుకున్నాడో లేదో, గురువు భిక్షాపాత్రతో ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు పుట్టిన ఊరు కదా. పద, నడుస్తూ నగరమంతా చూపించు. దార్లోనే భిక్ష చేసుకుందాం."

రేవతుడు తన పాత్ర కూడా తీసుకుని ముందు నడిచాడు.

పడవల రేవు చూపించాడు. దంతపు పనివాళ్ల అంగళ్లు, పూల బజారు, శిల్పులు రాళ్లు చెక్కే చోటు చూపించాడు. గానుగల వీధి మొదటికి వచ్చేసరికి మాత్రం చటుక్కున పక్క సందులోకి తిరిగాడు.

ఆ వీధిలో అతని అక్క సామక్క ఉంది. తల్లి పోయాక గానుగ ఆడించి తమ్ముణ్ణి పెంచిన మనిషి. అడిగితే పంపదని, కొన్నేళ్ల కిందట చెప్పకుండా వెళ్లిపోయి కాషాయం కట్టుకున్నాడు. ఏట్లో పడి పోయాడనుకుని ఆమె వలలు వేయించి వెతికించిందని ఈ ఆటవిడుపులోనే విన్నాడు. అప్పట్నుంచీ ఆ ముఖం ఎలా చూడాలో తెలీక చస్తున్నాడు.

పొద్దెక్కింది. భిక్షువులు మధ్యాహ్నం దాటితే మెతుకు ముట్టరు. ఇళ్ల వైపు వెళ్తే ఎవరైనా గుర్తుపడతారని ఇతగాడు బజార్ల వెంటే తిప్పడంతో పాత్రలు రెండూ ఖాళీగానే ఉన్నాయి.

మళ్లీ అదే సందులోకి తిరగబోతుంటే గురువు ఆగాడు.

"ఈ వీధిలో ఏముంది?"

"ఏముంది భంతే, నూనె జిడ్డు. అదంతా నేను వదిలేసిందే."

"వదిలేసిన వీధి చుట్టూ ఇన్ని ప్రదక్షిణలెందుకు?"

గురువు వీధిలోకి నడిచి మొదటి గడప ముందే నిలబడ్డాడు. అది సామక్క ఇల్లే. భిక్షువు నోరు తెరిచి అడగడు, ఊరికే నిలబడతాడు.

సామక్క అన్నం గిన్నెతో వచ్చింది. వడ్డించబోతూ, గురువు వెనక గుండు వంచుకుని నిలబడ్డ మనిషిని చూసింది. గరిటె ఆగిపోయింది. గిన్నెతో సహా లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"వెళ్దాం భంతే. పక్కింట్లో పెడతారు. పొద్దు నడినెత్తికొస్తోంది."

గురువు కదల్లేదు. ఆ పెద్దాయన ఎండలోనే ఖాళీ పాత్ర పట్టుకుని నిలబడ్డాడు. తన పిరికితనానికి ఆయన పస్తుండబోతున్నాడు. రేవతుడికి సిగ్గేసింది. వెళ్లి తలుపు మీద చెయ్యి వేశాడు.

"అక్కా, నేను మునిగిపోలేదు. పారిపోయాను. నీకు చెప్పే ధైర్యం లేక పారిపోయాను."

తలుపు తెరుచుకోలేదు. అతను అక్కణ్ణుంచి జరగలేదు. చాలాసేపటికి గడియ తీసిన శబ్దం వినిపించింది.

"ఏటేటా నీకు పిండం పెట్టానురా," అంది సామక్క.

రేవతుడు గడప దగ్గరే కూలబడ్డాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, ఎంతకీ తియ్యలేదు. తర్వాత గురువు గుర్తొచ్చి, తలెత్తి ఎండ చూసి నొచ్చుకుంది.

"పొద్దు తిరిగిపోయిందయ్యా. మీరిక తినరు కదా."

"తినను తల్లీ." గురువు అరుగు మీద కూర్చుని ఖాళీ పాత్ర పక్కన పెట్టుకున్నాడు. "నగరం చూద్దామని బయల్దేరాను. వీడు ఇప్పుడే చూపించడం మొదలుపెట్టాడు."