వలస వెళ్ళిన మూట

మడుగుపాడులో తెలివంటే కుటుంబయ్యగారింటిదే. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు. ఆ ఇంట్లో ముగ్గురూ పొద్దున్నే లేచి ఒకరితో ఒకరు అనుకునేది. ఇంటికి పెద్ద కుటుంబయ్య, ఆయన భార్య సూరాంబ, ఆయన తమ్ముడు గవరయ్య. గవరయ్యని పాలు పొంగిపోకుండా చూడమంటే పొయ్యి ఆర్పేసి, గిన్నె ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుని చూసేవాడు. ఒక్క చుక్క పొంగేది కాదు. పిల్లి దొంగతనంగా పాలు తాగేస్తోందని సూరాంబ తెల్లారగానే పాలన్నీ దానికే పోసేసేది. కాఫీలోకి పాలు లేకపోతే పోయాయి, ఇంట్లో దొంగతనమన్నది లేదు. ఇక కుటుంబయ్య నోట మాట వచ్చిందంటే అది జరిగి తీరాల్సిందే. ఒకసారి ఆయన "ఆకలికి చచ్చిపోతున్నానే" అన్నాడని సూరాంబ వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టి, చుట్టాలకి కబురు పంపడానికి వెళ్ళింది.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. ఒకవైపు కూజా పార్టీ, ఇంకోవైపు డోలు పార్టీ. వీరాస్వామి క్షవరం దుకాణంలో చేరేవాళ్ళంతా కూజావాళ్ళే.

"డోలు ప్రభుత్వం వచ్చిందా, నేనీ రాష్ట్రంలో ఉండను" అన్నాడు వీరాస్వామి కత్తి నూరుతూ.

"నేను మాత్రం ఉంటానా? ఆ రోజే బస్సెక్కేస్తాను" అన్నాడు పాలసంఘం ప్రెసిడెంటు.

మొహానికి సబ్బు నురగ పట్టించుకుని కూర్చున్నవాళ్ళు కూడా మేమంటే మేమన్నారు. కుటుంబయ్య అంతా విని ఇంటికొచ్చాడు. పదిమందీ అన్నది తనూ ఊరికే అనేస్తే తెలివేముంది? సూరాంబ చేత కర్పూరం వెలిగింపించి, నరసింహస్వామి పటం ముందు నిలబడి, "స్వామీ, డోలు ప్రభుత్వం వస్తే మా ఇంటివాళ్ళం ఈ గడ్డ మీద ఒక్క పూట ఉండం" అని అరచేత్తో ఆ కర్పూరం ఆర్పేశాడు.

అంతే. సూరాంబ ఆరిన కర్పూరం వైపూ గడప వైపూ చూసింది. తొమ్మిదో ఏట ఆ గడప తొక్కింది. అరుగు మెత్తింది తను, తులసికోట కట్టించింది తను, కొట్టంలో ఉన్న ఆవు గౌరినే కాదు, దాని తల్లినీ అమ్మమ్మనీ కూడా పితికింది తను. ఇల్లు వదలాలంటే ప్రాణం ఒప్పదు. స్వామి ఎదట ఆర్పిన కర్పూరాన్ని కాదనాలంటే అసలే ఒప్పదు. రోజూ దీపం పెట్టి, "తండ్రీ, ఎవరొచ్చినా సరే, డోలు మాత్రం మోగనివ్వకు" అని దణ్ణం పెట్టుకునేది.

ఇంకేముంది, డోలే మోగింది.

మర్నాడు పొద్దున్న కుటుంబయ్యకి పట్టుకున్న దిగులు ఊరు వదలడం గురించి కాదు, బస్సు గురించి. ఊరంతా వలస పోతుంటే ఒక్క బస్సులో చోటెక్కడ చాలుతుంది? గవరయ్యని ముందే పంపాడు. గవరయ్య ఇంట్లో ఉన్న తువ్వాళ్ళు, దిండు గలీబులు, వదినగారి రవికలు, అన్నీ కిటికీల్లోంచి విసిరి బస్సులో సీట్లన్నీ ఆపేశాడు.

"ఎవరయ్యా వీళ్ళంతా?" అన్నాడు కండక్టరు.

"వలసపోయేవాళ్ళు. వస్తున్నారు."

బస్సు గంటసేపు ఆగింది. ఎక్కినవాళ్ళంతా రవికల పక్కన నిలబడే ఉన్నారు. వలసపోయేవాళ్ళలో కుటుంబయ్యా సూరాంబా తప్ప ఒక్కడు రాలేదు. ఆఖరికి పేపరు కొనుక్కోవడానికి వీరాస్వామి వచ్చాడు.

"ఏం వీరాస్వామీ, పెట్టే బేడా ఏవి?" అన్నాడు కుటుంబయ్య.

"పెట్టె ఎందుకు బాబూ?"

"రాష్ట్రంలో ఉండనన్నావుగా."

"అంటాం బాబూ. ఎలక్షన్లప్పుడు అందరూ అంటారు. ఎవరన్నా వెళ్తారా ఏమిటి?"

కుటుంబయ్య భార్య చెవిలో, "పాపం, ఊరు ఊరంతా మతిమరుపు పట్టుకుంది. ఇక గుర్తున్నది మనకే" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పేరయ్య సిద్ధాంతి అటు వచ్చాడు. ఒక్క రోజన్నా ఇంట్లో ఉండే దారి దొరుకుతుందేమోనని సూరాంబ ఆయన కాళ్ళకి అడ్డం పడి ముహూర్తం అడిగింది. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, "పదకొండు రోజుల దాకా ప్రయాణానికి పనికిరాదమ్మా" అన్నాడు.

"అయ్యో, ఒక్క పూట కూడా ఉండమని ఒట్టు పెట్టుకున్నారండీ ఈయన."

సిద్ధాంతికి ఫలహారం వేళ మించిపోతోంది. "దానికేం, పరస్థానం పెట్టుకోండి. ఇంకో అరగంటలో మంచి ఘడియ ఉంది. తలా ఒక బట్ట మూటకట్టి, అవతలి ఒడ్డున ఎవరింట్లోనైనా పెట్టించండి. మూట వెళ్ళిందంటే మీరు వెళ్ళినట్టే. దాన్ని మాత్రం మళ్ళీ ఇంటికి తేకూడదు. తరవాత మీరు వీలు చూసుకుని..."

వెళ్ళినట్టే అన్నాక ఇంక వినడానికేముంది? ముగ్గురూ ఇంటిదారి పట్టారు. కుటుంబయ్య పంచె, సూరాంబ జరీ చీర, గవరయ్య కండువా మూటకట్టారు. ఊరి చివర పిల్లవాగుంది. వాగుకి ఇవతల ఈ రాష్ట్రం, అవతల ఆ రాష్ట్రం. అక్కడ కూజా ప్రభుత్వమే. అవతలి ఒడ్డున మొదటి ఇల్లు కూరగాయలమ్మే మాణిక్యమ్మది. గవరయ్య మోకాలిలోతు నీళ్ళలో మూట నెత్తిన పెట్టుకుని దాటుతుంటే, మొగుడూ పెళ్ళాం ఇవతల నిలబడి చెయ్యి ఊపారు. సూరాంబ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎందుకేడుస్తావే?"

"వెళ్ళిపోతున్నాంగా. ఇహ ఎప్పుడు చూస్తామో మనల్ని."

గవరయ్య తిరిగొచ్చి, "క్షేమంగా చేరాం వదినా. మాణిక్యమ్మ మనకి పందిట్లో నులకమంచం వేసింది" అన్నాడు. కుటుంబయ్య గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఒట్టు నిలబడింది.

ముగ్గురూ ఇంటికొచ్చారు. తలుపు తియ్యబోయి కుటుంబయ్య ఆగిపోయాడు.

"ఇంట్లోవాళ్ళు ఊళ్ళో లేరుగా. పిలవకుండా లోపలికెలా వెళ్తాం?"

అంతే, ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. ఎవరైనా వచ్చి రమ్మంటారేమోనని మధ్యాహ్నం దాకా చూశారు. లోపల్నించి పలుకు లేదు. పొయ్యి మీద వార్చిన అన్నం చల్లారిపోతోంది. కొట్టంలో గౌరి పొదుగు బరువుకి అంబా అంబా అని అరుస్తోంది. సూరాంబ రెండుసార్లు లేచింది, రెండుసార్లు కూర్చుంది.

"పితకకపోతే చచ్చిపోతుందండీ అది."

"పరాయివాళ్ళ ఆవుని పితికితే దొంగతనమే."

"పోనీ, వాళ్ళనే అడిగి రాకూడదూ గవరయ్యా. ఇల్లు వాళ్ళది. మనం చుట్టాలం. కాదంటారా?"

గవరయ్య మళ్ళీ వాగు దాటాడు. నులకమంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, మూటకి అంతా చెప్పుకున్నాడు. గంట తరవాత తిరిగొచ్చాడు.

"అన్నయ్య కాదనలేదు వదినా."

"అన్నయ్య ఇక్కడే ఉన్నారు కదయ్యా?"

"ఈ అన్నయ్య కాదు, అవతలికెళ్ళిన అన్నయ్య. నువ్వు కూడా ఏమీ అనలేదు. పలకలేదుగానీ మొహంలో కోపం లేదు."

ఇంకేముంది, చుట్టాలై లోపలికి నడిచారు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, "ఇల్లు చాలా బాగుందండీ" అని గోడలకి చెప్పి మరీ అన్నానికి కూర్చున్నారు. సూరాంబ గౌరిని పితికింది. పాలు చూస్తే మళ్ళీ బెంగ పట్టుకుంది. పాలు ఇంటివాళ్ళవి, ఇంటివాళ్ళు అవతలున్నారు. చుట్టాలు తాగేస్తే స్వామి ఊరుకుంటాడా? అంతే, ఆ రోజు నించి పొద్దునా సాయంత్రం గవరయ్య చెంబుతో పాలు అవతలికి మోసుకెళ్ళి మూట ముందు పెట్టడం మొదలుపెట్టాడు. కొత్తావకాయ పెడితే ఒక జాడీ. సున్నుండలు చేస్తే ఒక డబ్బా.

"తాగారా మావాళ్ళు?" అని అడిగేవాడు.

"చుక్క మిగల్చలేదు నాయనా" అనేది మాణిక్యమ్మ మూతి తుడుచుకుంటూ. "రేపు కాస్త మీగడ ఎక్కువగా ఉండాలన్నారు."

సూరాంబ అది విని, "నాకు మీగడంటే మొదటినించీ ఇష్టమే" అని మురిసిపోయింది. మూణ్ణెల్లకి మాణిక్యమ్మ బుగ్గలు గుమ్మడిపండులా తయారయ్యాయి.

ఇలా ఉండగా కొత్త ప్రభుత్వంవాళ్ళు ఊళ్ళో ఇళ్ళ జాబితా రాయించారు. ఒక గుమాస్తా కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"ఇది కుటుంబయ్యగారి ఇల్లేనా?"

"అవునండి" అన్నాడు కుటుంబయ్య.

"ఆయనున్నారా?"

"లేరండి. ప్రభుత్వం మారిందని అవతలి రాష్ట్రానికి వెళ్ళిపోయారు."

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజంగా వెళ్ళిపోయారా? అలా వెళ్ళినవాణ్ణి నేనింతవరకూ చూడలేదే. మరి మీరెవరు?"

"చుట్టాలమండి."

"ఆయనకి ఏమవుతారు?"

కుటుంబయ్య వేళ్ళ మీద వరస లెక్కపెట్టి, "బాగా దగ్గరండి" అన్నాడు.

గుమాస్తా రాసుకున్నాడు. రాసుకుని, చల్లగా చెప్పాడు. "సొంతదారు లేని ఇళ్ళు ఎరువుల గోదాముకి తీసుకోమని ఉత్తర్వు. ఎల్లుండి తాళం వేస్తాం. కాదంటే ఆయన్ని వచ్చి గుమ్మంలో నిలబడమనండి."

సూరాంబ గుమ్మానికి అడ్డం నిలబడింది. తన ఇంట్లో ఎరువుల బస్తాలు. తులసికోట మీద యూరియా. "బాబూ, ఆయన రాలేరు. ఒట్టుంది" అంది.

"అయితే ఇల్లు ఫలానావాళ్ళకి అప్పజెప్పానని రాతకోతలతో కాగితం తెండి. వేలిముద్రైనా చాలు."

ఆ రాత్రి ఆవిడ పటం ముందునించి లేవలేదు. పొద్దున్నే గవరయ్య కాగితమూ సిరా బుడ్డీ పట్టుకుని వాగు దాటాడు. మూటకి వేళ్ళు లేవు. గవరయ్య తెలివి తక్కువవాడా? మూట విప్పకుండానే పంచె అంచు ఒక్కటి బయటికి లాగి, సిరాలో ముంచి, కాగితం మీద అద్దాడు. అంచు మీది మామిడిపిందెల వరస చక్కగా పడింది. పక్కన మాణిక్యమ్మ సాక్షి సంతకం చేసింది.

గుమాస్తా ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు.

"ఇది వేలేనా?"

"ఆయన వేళ్ళు అందరిలాంటివి కావండి" అంది సూరాంబ భక్తిగా.

గుమాస్తా ఆ ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు. ఇంకో ఎనభై ఇళ్ళు తిరగాలి. 'సొంతదారు వలస. కాపురం చుట్టాలది' అని రాసేసి దిగి వెళ్ళిపోయాడు. సూరాంబ గుమ్మం పట్టుకుని భోరుమంది. ఇల్లు దక్కింది. ఒట్టు దక్కింది. "ఎంత మంచివాళ్ళండీ ఈ ఇంటివాళ్ళు. అడగ్గానే రాసిచ్చారు" అంది.

అలా అయిదేళ్ళు గడిచాయి. మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి ఇవతల కూజా పార్టీ గెలిచింది. ఊళ్ళో టపాకాయలు పేలుతుంటే కుటుంబయ్య ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు. ఒట్టు తీరిపోయింది, ఇంటివాళ్ళు తిరిగొస్తున్నారు. సూరాంబ గుమ్మాలకి పసుపు రాసింది, మామిడాకులు కట్టింది. సిద్ధాంతిని అడిగి మంచి ఘడియలో గవరయ్య మూటని తెచ్చాడు. గడపలో దిష్టి తీశారు. కాళ్ళు కడగాలని రెండు చెంబుల నీళ్ళు పోస్తే మూట నానిపోయింది. దాన్ని పట్టెమంచం మీద ఆనించి, విస్తరి వేసి, పాయసం వడ్డించారు.

అప్పుడు కుటుంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇక మనం బయల్దేరదాం."

"ఎక్కడికన్నయ్యా?" అన్నాడు గవరయ్య.

"ఇంటివాళ్ళొచ్చేశారు. ప్రయాణం చేసి అలసిపోయి ఉన్నారు. ఇంకా చుట్టాలు పట్టుకు వేలాడితే ఏం మర్యాద? అయిదేళ్ళు ఉండనిచ్చారు, ఒక్క మాట అన్నారా?"

సూరాంబకి ప్రాణం ఉసూరుమంది. అరుగు వైపు చూసింది, కొట్టం వైపు చూసింది. కానీ న్యాయం న్యాయమే. మూట దగ్గర కూర్చుని మెల్లిగా చెప్పుకుంది. "వెళ్ళొస్తాం తల్లీ. గౌరి ఎడమవైపునించి పితికితేనే చేపుతుంది. తులసమ్మకి దీపం మరిచిపోకు. జరీ చీర తడిసింది, జలుబు చేస్తుంది, జాగ్రత్త." అని బొట్టు పెట్టింది. కుటుంబయ్య తాళంచెవి తీసి మూట ముడిలో దోపాడు. ముగ్గురూ వీధిలోకి వచ్చారు.

వీరాస్వామి దుకాణం గుమ్మంలోంచి కేకేశాడు. "ఎక్కడికి బాబూ, మన ప్రభుత్వం వచ్చిన రోజున?"

"వలస" అన్నాడు కుటుంబయ్య.

వాగు దాటారు. మాణిక్యమ్మ పందిట్లో ఖాళీగా ఉన్న నులకమంచం మీద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. పాలచెంబు కోసం ఎదురుచూస్తున్న మాణిక్యమ్మ వీళ్ళని చూసి బుగ్గ నొక్కుకుంది.

"అదేమిటయ్యా, మీకు తెలీదూ? ఈసారి ఇక్కడ గెలిచింది డోలు పార్టీ. ఆ ప్రభుత్వంలో ఒక్క పూట కూడా ఉండమని కర్పూరం ఆర్పారుగా?"

కుటుంబయ్య కాళ్ళు బారచాపుకుని చిరునవ్వు నవ్వాడు.

"ఒట్టు పెట్టుకున్నది ఇంటివాళ్ళు మాణిక్యమ్మా. మేం చుట్టాలం."