ఎడమ చెయ్యి

చిత్రావతి ఒడ్డున ఉన్న మఠంలో చిన్నపిల్లలకు ఓనమాలు దిద్దించే పని రేవణప్పది. పన్నెండేళ్ళుగా అదే పని. ఎంత మొండి పిల్లవాడైనా రేవణప్ప ముందు కూర్చుంటే నెల తిరిగేసరికి ఇసుకలో 'ఓ' రాసి తీరవలసిందే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఈ మాట అనేవాళ్ళు. వాళ్ళకంటే ఎక్కువగా రేవణప్పే అనుకునేవాడు.

అలాంటివాడికి ఒక ఆరేళ్ళ ఆడపిల్ల దగ్గర చుక్కెదురైంది.

పిల్ల పేరు హొన్నూరమ్మ. తల్లీ తండ్రీ లేరు. రెండేళ్ళ వయసు నుంచి మేనమామ ఓబులేసు దగ్గర పెరిగింది. అతనికి సున్నపు బట్టీలో పని. ఏడు నెలల కిందట పిల్లను మఠానికి తెచ్చి, నాలుగక్షరాలు వస్తే ఇక్కడే ఉండి బతుకుతుంది, రాకపోతే కబురు పంపండి, తీసుకుపోయి బట్టీలో పెట్టుకుంటాను అని చెప్పి వెళ్ళాడు. బట్టీలో చిన్నపిల్లల పని కాలిన రాళ్ళు తట్టలోకి ఏరడం. ఏడాది ఆ పని చేసిన పిల్లల చేతులు ఒకసారి చూసినవాళ్ళెవరూ తమ పిల్లల్ని అక్కడికి పంపరు. వేరే దారి లేనివాళ్ళే పంపుతారు.

ఏడు నెలలైనా హొన్నూరమ్మ ఇసుకలో ఒక్క గీత గీయలేదు. రేవణప్ప విసిగిపోయాడు. సోమవారం మధ్యాహ్నానికి వచ్చి పిల్లను తీసుకుపొమ్మని ఓబులేసుకు కబురు పంపేశాడు.

ఈ ఏడు నెలలూ గురువు మరుళయ్యస్వామి మఠంలో లేరు. ఊళ్ళు తిరగడానికి వెళ్ళి ఆదివారం సాయంత్రమే తిరిగొచ్చారు. సోమవారం పొద్దున్నే రేవణప్ప ఆయన దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. అనుమతి అడిగినట్టే అడిగాడు గానీ, అతని మనసులో అది అయిపోయిన పని.

"ఆ పిల్లకు చదువు రాదు స్వామీ. కుడి ఎడమలే తెలియవు. దెబ్బ వేస్తే ఏడవను కూడా ఏడవదు. అంత మొద్దు."

మామ దగ్గర ఎలా పెరిగిందో కనుక్కున్నావా అని స్వామి అడిగారు. రేవణప్పకు అది అక్కర్లేని ప్రశ్నగా తోచింది. రెండేళ్ళప్పటివీ మూడేళ్ళప్పటివీ ఏ పిల్లలకు గుర్తుంటాయి, నా ముందు కూర్చున్న రోజే వాళ్ళకు మొదటి రోజు అన్నాడు.

స్వామి కాదనలేదు. "వాళ్ళ మామ వచ్చేలోపల నా ఎదుట ఒక్కసారి దిద్దించు. చూస్తాను" అన్నారు.

అప్పటికే పొద్దు బాగా ఎక్కింది. ఓబులేసు దారిలో ఉండే ఉంటాడు.

గురువుగారి గది ముందు వసారాలో ఇసుక పరిచి హొన్నూరమ్మను కూర్చోబెట్టారు. ఎదురుగా మండపంలో మిగతా పిల్లలు మూడు వరసలుగా కూర్చుని వల్లెవేస్తున్నారు. రేవణప్ప చేతిలోని బరికె పక్కన పెట్టాడు. అతను క్రూరుడేం కాదు. పిల్ల చెడిపోకూడదని కొట్టేవాడు, కొట్టాక మరిచిపోయేవాడు. బరికె సంగతి స్వామికి తెలియదనీ కాదు. ఏ వీధిబడిలో లేదు గనక అని ఆయనా ఊరుకున్నారు.

గురువుగారి ఎదుట కాబట్టి రేవణప్ప గొంతు మెత్తగా చేసుకుని, రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"చెయ్యి పట్టు."

కుడిచేతి వేలు అందిస్తే, దాన్ని పట్టుకుని ఇసుకలో దిద్దిస్తాడన్నమాట. మఠంలో ఏ పిల్లకైనా అది తెలుసు. ప్రసాదం పెట్టేటప్పుడు కూడా అదే మాట.

హొన్నూరమ్మ కుడిచెయ్యి వీపు వెనక దాచుకుంది. ఎడమ చెయ్యి ముందుకు చాపింది. అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు బాగా విడదీసి, కదలకుండా పట్టింది. ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు మూసుకుంది.

"చూశారా స్వామీ" అన్నాడు రేవణప్ప. ఏడు నెలలుగా ఇదే వరస అనీ, వేలు ఇమ్మంటే అరచెయ్యి చూపిస్తుందనీ, కుడిచెయ్యి ఇమ్మని మొత్తుకున్నా ఎడమదే చాపుతుందనీ చెప్పాడు. ప్రసాదానికీ అంతే. ఎడమ చేతిలో ప్రసాదం ఎవరు పెడతారు? అందుకని ఆ పిల్లకు పెట్టడమే మానేశారు. పెట్టకపోతే అడగదు కూడా, లేచి వెళ్ళిపోతుంది.

స్వామి చాపిన ఆ చెయ్యి వైపే చూశారు.  అది ఇంకా కిందికి దిగలేదు.

ఆయన లేచి రేవణప్ప వెనక్కి వచ్చి నిలబడ్డారు. దూలానికి వేలాడుతున్న ఈతాకుల బుట్ట అందుకోబోతున్నట్టు చెయ్యి పైకెత్తారు.

నలభై దాటిన రేవణప్ప చటుక్కున మెడ ముడుచుకుని, కుడిచెవి చేత్తో కప్పుకున్నాడు.

గురువుగారు బుట్ట తీయలేదు. ఎత్తిన చెయ్యి దించలేదు.

"ఏమైంది?"

రేవణప్పకు సిగ్గేసింది. ఏమీ లేదన్నాడు. నవ్వబోయాడు. వీధిబడిలో తన అయ్యవారు వెనక నుంచి వచ్చి చెవికి గులకరాయి పెట్టి నులిమేవాడనీ, ఆ అలవాటు ఇంకా పోలేదనీ చెప్పాడు. ఎన్నేళ్ళప్పుడని స్వామి అడిగారు. అయిదు నిండాయో లేదో అన్నాడు రేవణప్ప.

"అప్పుడాయన చెబుతున్న పాఠం ఏది?"

రేవణప్ప నోరు తెరిచాడు. అయ్యవారి వేళ్ళకు నశ్యం వాసన వచ్చేది, అది గుర్తుంది. గులకరాయి నున్నగా, చల్లగా ఉండేది, అదీ గుర్తుంది. ఆయన లేచిన చప్పుడు వినగానే వెన్నులో పుట్టే చలి ఇప్పుడు కూడా పుట్టింది. పాఠం మాత్రం గుర్తు రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు.

స్వామి ఎత్తిన చెయ్యి దించారు. వెళ్ళి హొన్నూరమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నారు. దెబ్బ ఎందుకు ఆలస్యమవుతోందో తెలియక ఆ పిల్ల ఒక కన్ను కొద్దిగా తెరిచి చూసింది.

"ఎడమ చెయ్యే ఎందుకు పాపా?"

ఏడు నెలల్లో ఈ మాట అడిగినవాళ్ళు లేరు. హొన్నూరమ్మ తడుముకోకుండా జవాబు చెప్పింది.

"కుడి చేత్తో పని జెయ్యాల గదా సామీ. దెబ్బకు వాసిపోతే తట్ట ఎత్తేకి రాదు. చెయ్యి పట్టు అంటే ఎడమదే పట్టమని మామ చెప్పినాడు."

ఎప్పటి నుంచి అంటే ఆ పిల్లకు చెప్పడం రాలేదు. ఎప్పుడూ అంతేనంది.

రేవణప్ప ఆ అరచేతి వైపు చూశాడు. తన బరికె కూడా దాని మీద పడింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. పడినప్పుడల్లా ఆ పిల్ల ఏడవకుండా మళ్ళీ సరిగ్గా చాపేది. దాన్ని అతను మొద్దుతనం అనుకున్నాడు.  

"ఈ పిల్ల, మామ నేర్పిన పాఠం రోజూ నీకు అప్పజెబుతూనే ఉంది నాయనా" అన్నారు స్వామి. తర్వాత పిల్లతో, చెయ్యి దించమ్మా అన్నారు. దించింది.

అంతలో ఓబులేసు మెట్లెక్కి వచ్చాడు. మోచేతుల దాకా సున్నం మరకలు. తెల్లవారుజామున బయలుదేరి నడిచి వచ్చిన మనిషి, ముఖం వాడిపోయి ఉంది. తువ్వాలులో పిల్లకని బొరుగులు మూటగట్టుకుని తెచ్చాడు. స్వామికి వంగి దండం పెట్టి, హొన్నూరమ్మతో పద అన్నాడు. ఆ పిల్ల మారుమాట లేకుండా లేచి వెళ్ళి అతని పక్కన నిలబడింది. అతను మణికట్టు పట్టుకున్నాడు.

రేవణప్ప ముందుకు వచ్చి, పిల్ల ఇక్కడే ఉంటుంది, నువ్వు వెళ్ళు అన్నాడు.

ఓబులేసుకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. రేపు బట్టీ అంటిస్తున్నారు. ఈ పిల్ల వస్తుందన్న నమ్మకంతో అతను ఇంకొకరిని కుదుర్చుకోలేదు. అయ్యవార్లు పూటకో మాట చెబితే కూలివాళ్ళు ఏమైపోవాలి?

"రాదని మీరే గదా అయ్యోరా కబురంపింది?"

పంపానని రేవణప్ప ఒప్పుకున్నాడు. కొట్టకుండా నేర్పి చూస్తానన్నాడు. చెబుతుంటే మాటలు తనకే కొత్తగా వినిపించాయి.

ఓబులేసు నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు. తన వీపు మీద తండ్రి వేసిన వాతల సంగతి చెప్పాడు. ఆ తండ్రి వీపు మీద తాత వేసిన వాతల సంగతి కూడా చెప్పాడు. పిల్ల మణికట్టు మీద పట్టు ఇంకాస్త బిగిసింది.

"కొట్టకుండా నేర్సినోళ్ళు ఒక్కరుంటే సూపీండి అయ్యోరా. దీన్ని ఈడ్నే ఇడిసిపెట్టి పోతా."

రేవణప్ప మండపం వైపు తిరిగాడు. వల్లెవేత ఎప్పుడో ఆగిపోయింది. మూడు వరసల పిల్లలూ ఇటే చూస్తున్నారు.

మొదటి వరసలో మొదట కొట్రేషు. పదహారు రోజుల్లో ఓనమాలన్నీ దిద్దాడని రేవణప్ప ఊళ్ళన్నీ చాటిన పిల్లవాడు. వాణ్ణి పిలవబోయాడు. ఆ పదహారు రోజుల్లో రెండో రోజు గుర్తొచ్చి ఆగిపోయాడు. పక్కన సిద్దమ్మ, మెత్తని పిల్ల, గట్టిగా మాట్లాడితేనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆ పిల్లను కూడా ఒకసారి, దసరా ముందు. ఆ పక్కవాడు. ఆ వెనకవాడు. అతను ఎవరి వైపు చూస్తే వాళ్ళు కళ్ళు దించుకుంటున్నారు. రెండో వరసకు వెళ్ళాడు. మూడో వరస చివరిదాకా వెళ్ళాడు. కొత్తగా చేరిన ఒక బుడతడి దగ్గర ఆశపడి ఆగాడు. వాడు చేరిన రోజు గుర్తొచ్చింది.

 ఓబులేసు తొందర పెట్టలేదు. జవాబు ఏమిటో అతనికి తెలుసు.

"లేరు" అన్నాడు రేవణప్ప.

ఓబులేసు తల ఊపి, పిల్లను తీసుకుని మెట్ల వైపు తిరిగాడు.

"ఒక్కరు కూడా లేరు ఓబులేసూ. పన్నెండేళ్ళు చేసినాను ఈ పని. ఒక్కరన్నా ఉండాల గదా. ఈ పిల్లతో మొదలుపెట్టనీ. వదిలిపెట్టి పో నాయనా."

 శిష్యుల ఎదుట అతను ఎవరినీ ఎన్నడూ ఇలా బతిమాలలేదు.

ఓబులేసు స్వామి వైపు చూశాడు, పెద్దాయన ఏమైనా అంటారేమోనని. స్వామి తల వంచుకుని ఉన్నారు. ఓబులేసు తన చేతిలోని చిన్న చేతిని చూశాడు. తన దెబ్బలు తిన్నది ఆ చెయ్యే. బొరుగుల మూట మెట్టు మీద పెట్టి, పట్టు వదిలేశాడు. ఒక్కడే దిగి వెళ్ళిపోయాడు.

హొన్నూరమ్మ మాత్రం కదల్లేదు. తన చెయ్యి వదిలేశారని, ఇక్కడే ఉండవచ్చని నమ్మడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది.