కొత్త బుర్ర వస్తోందట!

వీరన్నపాలెంలో తెలివంటే బుర్రా వారిదే, వాళ్ళ తర్వాతే ఇంకెవరిదైనా. ఈ మాట బుర్రా వారే చెప్పుకునేవాళ్ళు. మిగతా ఊరు కాదనేది కాదు, ఔననేది కాదు. నవ్వుకునేది, అంతే.

"అందరికీ బుర్ర తలకాయలో ఉంటుంది. మనకి ఇంటిపేరులోనే ఉంది," అనేవాడు ఇంటి పెద్దకొడుకు కోదండం. "చెప్పిన మాటకి అర్థాలు వెతుక్కునేవాడు మూర్ఖుడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు తెలివైనవాడు."

తమ్ముడు పుండరీకం, భార్య సత్యవేణి, తల్లి నాగరత్తమ్మ ముగ్గురూ ఔనౌనని తలలూపేవాళ్ళు. ఫోన్లో ఎవరైనా "లైన్లో ఉండండి" అన్నారంటే చాలు, నలుగురూ ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడేవాళ్ళు. మళ్ళీ ఫోన్లో మాట వినబడేదాకా ఒక్కరూ వరస తప్పేవాళ్ళు కాదు.

వాళ్ళింటి ముందుగదిలోనే కోదండం కొట్టు. శుభలేఖలు, కరపత్రాలు అచ్చు వేసి ఇస్తాడు. కొట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు, అది వాళ్ళ నాన్న హయాం నాటిది. పొద్దున్నే మీట నొక్కి, స్నానం చేసి, దీపం పెట్టుకుని, పెసరట్టు తినేసి వచ్చినా తెర ఇంకా నల్లగానే ఉండేది.

అలాంటి రోజుల్లో శేషాచలం మాస్టారు కూతురి పెళ్ళి కుదిరింది. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. గొంతెత్తితే ఇప్పటికీ వీధిలో కుక్కలు కూడా నిటారుగా నిలబడతాయి.

"ఒరేయ్ కోదండం, శుక్రవారానికల్లా శుభలేఖలు నా చేతిలో పడాలి. శనివారం పిలుపులకి బయల్దేరుతున్నాం. పడలేదో, నీ కొట్టు గడప ఇంకెవరూ తొక్కకుండా చేస్తా!" అని చెప్పి వెళ్ళారు.

కోదండం వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని 'చి.ల.సౌ.' అని కొట్టాడు. తెర మీద 'చి' వచ్చింది. 'ల' రాలేదు. టీ తాగొచ్చాడు. రాలేదు. 'ల' వచ్చేసరికి చీకటి పడింది. ఈ లెక్కన పెళ్ళికూతురి పేరు పూర్తయ్యేసరికి ఆ పిల్లకి షష్టిపూర్తి అయిపోతుందని అతనికి భయం పట్టుకుంది.

ఇంకేముంది, తెల్లారగానే పక్కూరు పెదలంకలో కంప్యూటర్లు బాగుచేసే ఖాజావలీకి ఫోన్ చేశాడు. ఖాజావలీ పనిమంతుడే, కానీ అతనికో పిచ్చి ఉంది. ఉన్న కంప్యూటర్ల కంటే, ఇంకా బజార్లోకి రాని కంప్యూటర్ల కబుర్లంటే ప్రాణం. కదిలిస్తే చాలు, పొద్దు తెలియదు. ఫోన్లో మాట గదంతా వినబడేలా పెట్టి నలుగురూ చుట్టూ చేరారు.

"ఖాజావలీ గారూ, మా కంప్యూటరు మరీ నెమ్మదిగా ఉందండీ."

"ఉండదా మరి? దాని బుర్ర ముసలిదైపోయింది!"

"ఎవర్రా ముసలిది?" అని నాగరత్తమ్మ ఫోన్ మీదికి లేచింది.

"మిమ్మల్ని కాదు పెద్దమ్మగారూ, ప్రాసెసర్ని అంటున్నా. కంప్యూటరుకి అదే బుర్ర. కోదండం గారూ, తొందరపడి ఇప్పుడేం కొనకండి. కొత్త బుర్ర వస్తోంది! ఇంకా బయటికి రాలేదు గానీ, పుకార్లు షికార్లు చేస్తున్నాయి. సంగతంతా లీకైపోయింది. మావాళ్ళందరూ దాని గురించే చెవులు కొరుక్కుంటున్నారు."

"ఎలా ఉంటుందండీ?" అన్నాడు పుండరీకం ఆత్రంగా.

"పదహారు కోర్లట! కరెంటు తెగ తింటుందట. ఒళ్ళంతా ఒకటే వేడట. గాలి చాలదట, నీళ్ళతోనే చల్లబరచాలట. ఇంకో సంగతి, పాత బోర్డు మీద అది కూర్చోదట, బోర్డు మార్చేయాల్సిందే. అన్నీ అట అటలే లెండి, వచ్చాక గానీ..." అంటుండగానే ఫోన్ తెగిపోయింది.

ముందుగా నాగరత్తమ్మే తేరుకుంది.

"ఒసే సత్యవేణీ! మనింట్లోకి కొత్త బుర్ర వస్తోందా? నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"నాకూ ఇప్పుడే తెలిసింది అత్తయ్యా," అంది సత్యవేణి సిగ్గుపడుతూ. "ఇంకా బయటికి రాలేదుగా."

"పదహారు కోరలట కదరా అన్నయ్యా!" అన్నాడు పుండరీకం.

"ఉంటే ఉండనీరా. మా మామగారు పన్నుతోనే పుట్టారట. మన వంశంలోనే ఉంది," అని సర్దిచెప్పింది నాగరత్తమ్మ. "ఒళ్ళంతా వేడి అంటున్నాడు, అదే నా బెంగ."

కోదండానికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఒకేసారి తండ్రి కాబోతున్నాడు, పైగా ఆ బిడ్డ కంప్యూటరు కూడా నడుపుతాడు. ఇంత అదృష్టం ఊళ్ళో ఎవరికి పట్టింది? కళ్ళు తుడుచుకుని ఇంటి పెద్దగా తలా ఒక పని పురమాయించాడు.

"సత్యవేణీ, లీకైందన్నాడు, విన్నావుగా? బిందె తే!"

సత్యవేణి ఇత్తడి బిందె తెచ్చి కంప్యూటరు బల్ల కింద పెట్టింది. తొంగి చూసింది. చుక్క లేదు. "అయ్యో, సంగతంతా ముందే కారిపోయిందండీ. మనకి మిగల్లేదు," అని నొచ్చుకుంది.

"తమ్ముడూ, ఇటు రా. తెలిసినవాళ్ళంతా చెవులు కొరుక్కుంటున్నారట. మనం వెనకబడితే ఎలా?"

అంతే, అన్న తమ్ముడి కుడిచెవి పట్టుకున్నాడు, తమ్ముడు అన్న ఎడమచెవి పట్టుకున్నాడు. "నెమ్మదిగా కొరకరా వెధవా!" అంటే "నువ్వు వదిలితే నేను వదులుతా!" అని ఇద్దరూ గుండ్రంగా తిరుగుతుంటే, కరపత్రాలు వేయించుకుందామని గుమ్మందాకా వచ్చిన కిరాణాకొట్టు సుబ్బిశెట్టి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకున్నాడా? బుర్రా వారింట్లో అన్నదమ్ములు ఒకరినొకరు తినేస్తున్నారని దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

చెవి తడుముకుంటూనే పుండరీకం గొడుగు పట్టుకుని పుకార్లని వెతకడానికి బయల్దేరాడు. షికారు చేసేవాళ్ళు కాలవగట్టు మీదే కదా ఉంటారు! అక్కడ చేతికర్ర ఊపుకుంటూ ఒక పెద్దాయన ఎదురయ్యాడు, కొత్తగా ఊళ్ళోకి బదిలీ అయివచ్చిన పోస్టుమాస్టరు.

"అయ్యా, షికారు చేస్తున్నారా?"

"ఔను నాయనా."

"ఐతే పుకారు గారు మీరేనన్నమాట! దయచేయండి, మా అన్నయ్య మీకోసమే కూర్చున్నాడు. మా ఇంటికి పదహారు కోరల బిడ్డ వస్తోంది."

పోస్టుమాస్టరు చేతికర్ర అక్కడే వదిలేసి, షికారు మానేసి పరుగు అందుకున్నాడు. పుండరీకం ఆ కర్ర భుజాన వేసుకుని ఇంటికొచ్చి, "పుకారు చాలా వేగంగా వెళ్తుందన్నయ్యా, అందుకోలేం," అని చెప్పాడు.

ఆ సాయంత్రానికే ఊళ్ళో కథ పెరిగిపోయింది. బుర్రా వారి కంప్యూటర్లో పదహారు కోరల జంతువు ఉందనీ, కరెంటు తీగలు నములుతోందనీ, అన్నదమ్ముల చెవులు అదే కొరికిందనీ. ఆ వీధిలో పిల్లల్ని చీకటి పడకముందే లోపలికి పిలుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కోదండం నిచ్చెన వేసుకుని గోడ మీది 'బుర్రా శుభలేఖల కేంద్రం' బోర్డు దింపేశాడు. పాత బోర్డు మీద కూర్చోడన్నారు కదా, రాబోయేవాడికి కష్టం కలగకూడదు! కింద పెట్టి, దాని మీద తనే కూర్చుని చూశాడు. మేకులు గుచ్చుకున్నాయి. "నిజమేనే సత్యవేణీ, ఎవరూ కూర్చోలేరు," అని అక్కడికక్కడే దాన్ని పొయ్యిలోకి ఇచ్చేశాడు. ఆ రోజు బోర్డు కనబడక, శుభలేఖలకని పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి తిరిగి వెళ్ళిపోయారు.

కోదండం మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని, అది ఆ రోజు కాస్త కరుణించడంతో పెళ్ళికొడుకు పేరు దాకా వచ్చి, అంతవరకూ లోపల దాచాడు. అప్పుడు పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు, కాలుతోంది.

"ఏమే, ఒళ్ళంతా వేడన్నాడే, ఇదే! గాలి చాలదు. నీళ్ళు!"

సరిగ్గా అదే సమయానికి నాగరత్తమ్మ మనవడికని సున్నుండలు చేయడానికి మినపగుళ్ళు వేయించి, మిక్సీ పెట్టడానికి చోటు చూసుకుంటోంది. ముందుగది ప్లగ్గు కనబడింది. ఉన్న తీగ పీకి అవతల పడేసి, మిక్సీ తీగ పెట్టుకుంది. ఇటు సత్యవేణి బిందె నిండా బావినీళ్ళు తెచ్చింది. పుండరీకం పెట్టె మూత తీశాడు. కోదండం "చల్లగా ఉండు నాయనా," అని దీవిస్తూ తలంటు పోసినట్టు కుమ్మరించాడు.

చూస్తే తెర నల్లగా ఉంది.

ముందు అందరూ సంతోషించారు, హాయిగా నిద్రపోయిందని. సాయంత్రమైంది, లేవలేదు. రాత్రయింది, లేవలేదు. తెల్లవారితే శుక్రవారం. కోదండం ఆ చల్లటి పెట్టె పక్కన మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. నాన్న మొదటి శుభలేఖ వేసింది దీంట్లోనే. ఆ కార్డు మీద పేరు తనదే, సత్యవేణి పక్కన. ఇప్పుడు మాస్టారికి ఏం మొహం చూపించాలి?

"ఏవండీ, ఆయన్నే అడగండి," అంది సత్యవేణి మెల్లగా.

తెల్లారగానే ఫోన్ చేశాడు. ఖాజావలీ కొట్టు నిండా జనం ఉన్నట్టున్నారు, అవతల గోలగోలగా ఉంది.

"మీరు చెప్పినట్టే చేశామండీ. మా పాతది పూర్తిగా చల్లబడిపోయింది," అన్నాడు కోదండం.

"చల్లబడిందా? మంచిదేగా, వేడెక్కకపోతే అంతే చాలు! కొత్తది ఎప్పుడొస్తుందో ఏమో, అప్పటిదాకా పాతదాన్నే ఎలాగోలా నెట్టుకురండి," అని పెట్టేశాడు అతను.

కోదండం మొహం వెలిగిపోయింది. "విన్నారా? నెట్టుకురమ్మన్నాడు!"

ఇంకేముంది, కంప్యూటరు బల్లకి చక్రాలు ఉండనే ఉన్నాయి. గుమ్మం దాటించి రోడ్డెక్కించారు. అన్నదమ్ములు వెనక నుంచి నెడుతున్నారు, సత్యవేణి తెరకి ఎండ తగలకుండా గొడుగు పట్టింది, నాగరత్తమ్మ సున్నుండల డబ్బా చంకన పెట్టుకుని "కుడికి, కుడికి!" అని అరుస్తోంది. వెనక బస్సు హారన్ కొడుతూ పెదలంక దాకా వాళ్ళ వెనకే పాకింది. "ఎక్కించి తీసుకెళ్తా, దారివ్వండయ్యా!" అని డ్రైవరు బతిమాలాడు. "నెట్టుకురమ్మన్నారు, ఎక్కించుకురమ్మనలేదు," అన్నాడు కోదండం తిరిగి చూడకుండా.

కొట్టు ముందు ఆగిన ఊరేగింపుని చూసి ఖాజావలీ చేతిలో టీ గ్లాసు ఒరిగిపోయింది. సంగతంతా విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అయ్యా, నేను చెప్పింది ఇంకా పుట్టనిదాని గురించి! అవి కూడా ఎవడో అన్నాడని ఇంకెవడో అన్న మాటలు. ప్రాసెసరంటే ఇదిగో, ఇంత బిళ్ళ," అని గోరంత ముక్కని అరచేతిలో పెట్టి చూపించాడు.

నాగరత్తమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "అయ్యో, మరీ ఇంత చిన్నదా! నెలలు నిండలేదు పాపం," అని ఆ బిళ్ళ పక్కన ఒక సున్నుండ పెట్టింది.

ఖాజావలీ పెట్టె విప్పి ఆరబెట్టి చూశాడు. మిక్సీ పుణ్యమా అని నీళ్ళు పోసేటప్పుడు కరెంటు లేదు, లోపల దాచిన శుభలేఖ చెక్కుచెదరలేదు. దాన్ని తన కంప్యూటర్లోకి ఎక్కించి, మిగిలిన ముక్కలు తనే కొట్టి, అచ్చు వేయించి, మధ్యాహ్నానికల్లా కార్డుల కట్టలు కోదండం చేతిలో పెట్టాడు. తప్పంతా తన నోటిదేనని అతనికి లోలోపల తెలుస్తూనే ఉంది. "మీ పాతది కూడా ఇంకొంతకాలం పనిచేస్తుంది. ఇక నిశ్చింతగా వెనక్కి వెళ్ళండి," అన్నాడు.

కోదండం అతని రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. తర్వాత నలుగురూ కొట్టు వైపే మొహాలు పెట్టి, బల్లని లాక్కుంటూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ బయల్దేరారు.

సగం దారిలో శేషాచలం మాస్టారు స్కూటరు మీద ఎదురొచ్చారు. ఇంటికి తాళం, గోడకి బోర్డు లేదు, ఊరంతా కోరల జంతువు మాటే. ఆయన మండిపడుతూ వస్తుంటే, ఎదురుగా నాలుగు వీపులు ఆయన వైపే నడిచొస్తున్నాయి.

"ఒరేయ్ కోదండం!"

"మాస్టారూ, కార్డులు సిద్ధం!" అని కోదండం మొహం తిప్పకుండానే కట్టలు భుజం మీదుగా వెనక్కి అందించాడు.

మాస్టారు విప్పి చూశారు. అక్షరం తప్పు లేదు. కూతురి పేరు నిండుగా, అందంగా ఉంది. ఆయన కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగంతో డ్రిల్లు గొంతు ఎత్తారు. "బాగానే వేశావు గానీ, ఈ వెనక్కి నడవడమేమిట్రా? మనుషుల్లా ముందుకు నడవండి!" అని చెప్పి, స్కూటరు తిప్పుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయారు.

మాస్టారి మాటకి ఎదురేముంది? నలుగురూ బల్ల పట్టుకుని, మొహం ఎటుందో అటే, గట్టిగా అడుగులేస్తూ ముందుకు నడిచారు.

ఖాజావలీ షట్టరు సగం దించి తాళం కోసం చూసుకుంటున్నాడు. చక్రాల చప్పుడు విని తలెత్తాడు. చెమటలు కక్కుతూ నలుగురూ వచ్చి బల్లని సరిగ్గా అతని మోకాళ్ళకి ఆనించి ఆపారు.

"ఖాజావలీ గారూ, మాస్టారు మమ్మల్ని ముందుకు నడవమన్నారు," అన్నాడు కోదండం ఆయాసపడుతూ. "మీ కొట్టు అడ్డొస్తోంది. కాస్త పక్కకి జరపండి."