ఓబులి ముట్టిన బానలు

చెప్పినవాళ్ళు పోయి, విన్నవాళ్ళు పోయి, మాట ఒక్కటే మిగిలిన కాలంలో, రెండు రాజ్యాల నడుమ గుత్తులపేట అని ఒక ఊరుండేది. ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు. తోటల అవతల పొలిమేర రాయి. రాయి దాటితే వేరే రాజు. ఏడాదికొకసారి ఆ రాజ్యం వర్తకులు బండ్లు కట్టుకొచ్చి, గుత్తులపేట సంతలో ద్రాక్ష మధువు కొనుక్కుపోయేవారు.

ఆ ఊళ్ళో ఓబులి ద్రాక్ష తొక్కేది. తెల్లారి తొట్టిలో దిగితే పొద్దు వాలేదాకా తొక్కాల్సిందే. ఆ ఊరి కట్టుబాటు వినండి, ఒళ్ళు మండుతుంది. తొట్టిలో ఉన్నంతసేపు అది రసమట, ఓబులి కాళ్ళతో తొక్కవచ్చట. బానలోకి చేరితే మధువట, ఓబులి చెయ్యి బానకు తగలకూడదట. తగిలితే మైల, మొత్తం నేలపాలు చెయ్యాలట. ఆ కాళ్ళూ ఆ చేతులూ ఒక్క మనిషివే కదా అని అడిగిన మొనగాడు ఊళ్ళో ఒక్కడూ లేడు.

ఆ ఏడాది కోతల్లో ఓబులి తల్లి మంచం పట్టింది. "ముప్పై ఏండ్లు తొక్కితిని. దాని రుచేందో తెలీకుండానే పోతాండా. ఒక్క గుక్క తాపు ఓబులీ" అంది.

ఓబులి పెత్తందారు చెంగప్ప దగ్గరికి పోయింది. "సామీ, మాయమ్మకు గుక్కెడు పోయండి."

"కాళ్ళు తొట్టిలో, చేతులు వెనక్కి" అన్నాడు చెంగప్ప.

రెండో రోజు పోయింది. "సామీ, మాయమ్మకు మాట పడిపోయింది. గుక్కెడు పోయండి."

"కాళ్ళు తొట్టిలో, చేతులు వెనక్కి."

మూడో రోజు పోయింది. "సామీ, ఊపిరొకటే మిగిలింది. పెదాలు తడిస్తే చాలు."

"కాళ్ళు తొట్టిలో, చేతులు వెనక్కి."

ఓబులి ఇంటికొచ్చేసరికి తల్లి లేదు. ఎండిన పెదాలతోనే పోయింది. చెంగప్ప కొట్టంలో మాత్రం బానలు నిండుగా ఉన్నాయి. ఆ కొట్టం కూలిపోను.

తల్లిని మట్టిలో పెట్టి, మర్నాడు ఓబులి తొట్టిలో దిగింది. ఆ రోజే సంత. పోయినేటి మధువు బానలు వరసగా పెట్టారు. బండ్లు వచ్చి ఆగాయి. ఓబులి వంగి రెండు చేతులూ రసంలో ముంచింది. తొట్టిలోంచి బయటికొచ్చి బానల దగ్గరికి నడిచింది. నలభై బానలు. నలభై బానల మీదా ఎర్రటి అరచేయి వేసింది.

చెంగప్ప ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ మధువు పారబోస్తే ఊరికి పుట్టగతులుండవు.

"ఇది ముట్టలేదు" అన్నాడు వర్తకులతో.

"ముట్టినాను" అంది ఓబులి.

"తూలిపడబోయి ఆనుకుంది, అంతే. ముట్టలేదు."

"ముట్టినాను."

"ఓబులీ, నా తల్లీ, ముట్టలేదని చెప్పవే."

"ముట్టినాను సామీ. నలభై ముట్టినాను."

వర్తకుల్లో పెద్దాయన నవ్వాడు. "ఎవరు ముట్టుకుంటే మాకేం? అమ్మేవాడు ముందు తాగాలి, అది బేరం పద్ధతి. తాగు" అన్నాడు.

చెంగప్ప తాగాడు. అందరి ఎదుట కళ్ళు మూసుకుని ముంతెడు తాగాడు. ఆయన వెనక ఊరి పెద్దలంతా తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"బాగుందా సామీ?" అంది ఓబులి. "నేను ముట్టింది తాగేదేదో నిన్ననే తాగింటే, మాయమ్మ నోట్లో గుక్కెడు పడుండు గదా."

ఓబులి ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ తొట్టిలో కాలు పెట్టలేదు.

మరుసటేడు సంతకొచ్చిన వర్తకులు ఎర్రటి అరచేయి పడిన బానలే కావాలని అడిగారు. ఆమె పోయింది. ఆ రాజులూ పోయారు. గుత్తులపేటలో ఇప్పటికీ బాన సంతకెక్కాలంటే, తొక్కిన మనిషి దాని మీద రసం చెయ్యి వెయ్యాలి. కొనేవాడు మూత తీయకముందే "ముట్టిందా?" అని అడుగుతాడు. "ముట్టింది" అంటేనే బండి ఎక్కిస్తాడు. ముట్టని బాన మైల. అది ఎంత మంచి మధువైనా సరే, అక్కడికక్కడే పారబోస్తారు.