సోయా కూర వడ్డన

సుభద్రమ్మగారి ఆశ్రమంలో తిండి గురించి ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. ఆ పూట వడ్డన అడిగినవాళ్లకే అప్పగిస్తారు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు సోమయాజులు అడిగాడు. అడగక తప్పని పరిస్థితి అతనిది. చక్కెర జబ్బు వచ్చిందని అన్నం మానేశాడు. మాంసం ఇంటా వంటా లేదు. ఇక బలానికి మిగిలిన ఆధారం సోయా ఒక్కటే అనుకున్నాడు. తిన్నన్నాళ్లూ అది ఒంటికి బాగానే పడింది. కానీ ఫోను వీడియోల్లో ఒకరు అమృతమనీ మరొకరు విషమనీ చెబుతుంటే విని విని బెంబేలెత్తి, దాన్నీ ముట్టడం మానేశాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఆ ఉదయం మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడ్డాడు.

"అమ్మా, సోయా మంచిదా, చెడ్డదా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి. నాకు బతకాలని ఉంది," అన్నాడు.

"సోయా మీల్‌మేకర్ కూర దించారు. పట్టుకెళ్లి వడ్డించు నాయనా," అన్నారావిడ.

పంక్తిలో మొదట కూర్చున్న పద్మనాభం జ్వరం పడి లేచినవాడు. కూర మారు వడ్డించమన్నాడు, అదీ ఊడ్చేసి మళ్లీ అడిగాడు. థైరాయిడ్ మాత్రలు వేసుకునే రాజ్యలక్ష్మి కాస్త తిని, "నాకింతే పడుతుందండీ, అదీ పొద్దుటి మాత్రకి బాగా ఎడం ఇచ్చి," అంటూ చెయ్యి అడ్డం పెట్టింది. శేషగిరి అయితే గరిటె రాకముందే చేత్తో విస్తరి కప్పేశాడు. "ఓసారి తిన్నానండీ బాబూ, ఒళ్లంతా దద్దుర్లే!" అని నవ్వాడు.

సోమయాజులు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అదే కూర, అదే ఉప్పు, అదే పొయ్యి. ఒక్కో ఒంట్లోకి వెళ్లి ఒక్కోలా మారుతోంది. ఇంత వింత రోజూ తన పక్క విస్తళ్లలోనే జరుగుతుంటే, తను ఫోనులో తలదూర్చి కూర్చున్నాడు. ఎంగిలి చేతులతో కూర్చున్న ఆ మనుషులందరికీ దండం పెట్టాలనిపించింది.

చివరికి అతనికీ విస్తరి వేశారు. గిన్నె సుభద్రమ్మగారే అందుకున్నారు. గరిటె దగ్గరికి రాగానే, అతను అనుకోకుండానే చెయ్యి విస్తరికి అడ్డం వెళ్లింది.

ఆవిడ గరిటె వెనక్కి తీసుకోలేదు.

"అడ్డం పెట్టినవాళ్లు తిని చూసి పెట్టారు నాయనా," అన్నారు మెల్లగా. "ఈ చెయ్యి నీదేనా?"